రహీం సాహెబు జట్టు

సంఘమువారు ఈ సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసమొకటి వ్రాసి యిమ్మని నన్ను కోరిరి. ఇట్టి సంచికలలో రాజులను గూర్చియు, కవులను గూర్చియు, మన పూర్వులు వలస వచ్చిన త్రోవలను గూర్చియు పెద్దలు వ్రాయుట ఆచారము. నేను మెట్రిక్కుతో చదువు చాలించి గుమాస్తా పనిలో జీవితము గడపినవాడను. శాసనములు చదువనేర్చినవాడను కాను. నాకు తెలిసిన చరిత్ర యొక్కటి కలదు. అది మా నాయనగారు చెప్పగా విన్నది, పిదప పాత పత్రికలలోను పుస్తకములలోను వెదకి సరిచూచుకొన్నది. హైదరాబాదు నగర పోలీసుల ఫుట్‌బాలు జట్టు చరిత్ర యది. ఆ జట్టును 1950 మొదలు 1963 వఱకు తీర్చిదిద్దిన సయ్యదు అబ్దుల్ రహీం అను బడిపంతులు చరిత్రయు నదియే.

ఇది తెలుగువారి సంచికలో నెట్లు చేరునని చదువరులు అడుగవచ్చును. ఆ జట్టులోనివారి పేర్లు అజీజు, నూరు, మొయిను, లాయఖు, జమాలు, సూసై. వారు మైదానములో కేకలు వేసికొన్నది దక్కనీ ఉర్దూలో. ఈ ప్రశ్న మా యింటిలోనే పుట్టినది. 2024లో రహీం సాహెబును గూర్చి 'మైదాన్' అను హిందీ చలనచిత్రము వచ్చెను. దానిని చూచి వచ్చిన మా మనుమడు, "తాతా, ఆయన తెలుగువాడేనా?" అని నన్నడిగెను. అప్పుడు నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. చెప్పదలచినది ఇచ్చట వ్రాయుచున్నాను.

మా నాయనగారు నల్లగొండ ప్రాంతము వారు. యౌవనముననే బొంబాయి వచ్చి బట్టల మిల్లులో మగ్గము ఖాతాలో చేరిరి. కామాఠిపురమునకు ఆ పేరు వచ్చినదే మన ప్రాంతపు కామాఠీ కూలీలవలన. ఐనను ఆ కాలమున మిల్లులో తోడివారు మనలను ఏ యూరివారని యడిగి, బదులు వినకమునుపే "మద్రాసీ" అని తేల్చివేసెడివారట. నైజాము రాజ్యమునుండి వచ్చినవాడు మద్రాసీ యెట్లగునో వారికి పట్టదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినది. అటుపిమ్మట హైదరాబాదు పేరు పత్రికలలో వచ్చినప్పుడెల్ల దాని వెంట రజాకార్లో, కాందిశీకులో, కాల్పులో ఉండెడివి. ఆ పేరు వినబడగానే చెవులు మూసికొనవలసినట్లుండెడిదని నాయనగారనెడివారు.

అట్టి సమయమున, 1950లో, హైదరాబాదు నగర పోలీసు జట్టు రోవర్సు కప్పు ఆడుటకు బొంబాయి వచ్చెను.

రోవర్సు కప్పు 1891లో బొంబాయిలో మొదలైన పోటీ. మొదట దానిని గెలిచినవన్నియు తెల్ల సిపాయిల పటాలములే. దేశమున దానికంటె పాతది డ్యూరాండు కప్పు. అది 1888లో సిమ్లాలో పుట్టి పిదప ఢిల్లీకి దిగినది. ఈ రెంటితోపాటు కలకత్తాలోని ఐ. ఎఫ్. ఏ. షీల్డును చేర్చి మూడింటిని గెలువవలెనని ప్రతి జట్టునకు ఆశ. ఫుట్‌బాలు అనిన కలకత్తా, కలకత్తా యనిన మోహన్ బగాను, ఈస్టు బెంగాలు అని దేశమంతయు అనుకొనుచున్న దినములవి. దక్కను నుండి వచ్చిన కానిస్టేబుళ్లను లెక్కించువారెవరు?

నాయనగారు రాత్రి షిఫ్టు ముగించుకొని, నిద్రపోక, ట్రాము పట్టుకొని కూపరేజి మైదానమునకు పోయిరి. చేతిలో డబ్బు చాలనందున కొన్ని ఆటలు వెలుపలి నుండియే చూచితిమనియు, కేకనుబట్టి గోలు ఎవరిదో తెలిసికొనెడివారమనియు చెప్పెడివారు. తక్కిన జట్లలో పేరున్న ఆటగాడు బంతి దొరికినచో దానిని కాలికి అంటించుకొని, ఇద్దరిని ముగ్గురిని తప్పించి, జనము చప్పట్లు కొట్టువఱకు విడువడు. ఈ పోలీసులు అట్లు కాదు. బంతి వచ్చెనో లేదో ఇంకొకని కాలికి పోయెడిది. ఎదుటివాడు తిరిగి చూచునప్పటికి అది మూడవవాని యొద్ద నుండెడిది. నాయనగారి మాటలలోనే చెప్పెదను: "బిడ్డా, మనిషి ఉరికితె అలిసిపోతడు. బంతి ఉరికితె అలుస్తదా?"

ఆ యేడు రోవర్సు కప్పు హైదరాబాదునకే వచ్చెను. అదే క్రీడాకాలమున ఢిల్లీలో, యుద్ధమువలనను దేశవిభజనవలనను ఏండ్ల తరబడి నిలిచిపోయి మరల మొదలైన డ్యూరాండు పోటీలో, మోహన్ బగానును ఫైనలులో ఓడించి ఆ కప్పును కూడ వారే తెచ్చుకొనిరి. మఱునాడు మిల్లులో జాబరు నాయనగారి భుజము తట్టి, "మీ హైదరాబాదు గెలిచినదిగదా" యనెనట. మద్రాసీ యనలేదు. ఈ యొక్క ముక్కను నాయనగారు ఎన్ని మారులు చెప్పిరో లెక్క లేదు. చెప్పినప్పుడెల్ల జాబరు గొంతుకను అనుకరించెడివారు కూడ.

రహీం సాహెబు ఎవరు? ఆయన 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించెను. మూసీ యొడ్డున నున్న సిటీ కాలేజిలో చదువుకొనెను. ఆ కాలేజి విద్యార్థులును పూర్వవిద్యార్థులును చేరి 'ఎలెవెన్ హంటర్స్' అను జట్టు నొకటి నడిపెడివారు. రహీం అందులోని ఆటగాడు. చిన్న కాలేజీ కుర్రల జట్టునుండియే ఈ కథ యంతయు బయలుదేరినదని నా యభిప్రాయము. ఉస్మానియా విశ్వవిద్యాలయములో పట్టము పొంది ఆయన బడిపంతులయ్యెను. కాచిగూడ మిడిలు స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాటు హైస్కూలు మొదలైన చోట్ల పని చేసెను. నడుమ వ్యాయామ విద్యలో డిప్లొమా తీసికొని బడిలో ఆటల భారము కూడ వహించెను. 1940ల నుండి హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగా నుండి, కడవఱకు ఆ పని విడువలేదు.

హైదరాబాదున ఈ ఆటకు నేల ముందే సిద్ధమై యుండెను. సికింద్రాబాదు లష్కరులో తెల్ల పటాలములు, బొల్లారములో దండు, వారిని చూచి నేర్చుకొన్న కుర్రలు ఉండిరి. పోలీసు జట్టునకు రహీం కంటె ముందు నార్బర్టు ఆండ్రూ ఫ్రూవాలు శిక్షకుడు. బెంగుళూరులోని చదువరులకు ఇష్టమగు సంగతి యొకటి చెప్పవలెను: 1943లో ఈ జట్టు బెంగుళూరు వెళ్లి, రాయలు ఎయిర్ ఫోర్సు వారి జట్టును ఓడించి ఆషె గోల్డు కప్పు గెలిచి, తొలిసారి బయటి లోకమునకు తెలిసినది. మొక్క నాటినది ఫ్రూవాలు. చెట్టును చేసినది రహీం.

ఆయన శిక్షణను గూర్చి కొంత విపులముగా వ్రాయవలెను. మా మేనమామ యొకరు హైదరాబాదు పోలీసులో కానిస్టేబులు. ఆయన ఆటగాడు కాడు గాని, మైదానమున కాపలా పని పడినప్పుడు ప్రాక్టీసు చూచినవాడు. ఆయన చెప్పినదియు తరువాత పుస్తకములలో నేను చూచినదియు సరిపోయినవి. రహీం సాహెబు పిల్లలకు పోటీలు ఏర్పాటు చేసెడివాడు. కాని వాని నియమములు వింతగా నుండెడివి. ఒక పోటీలో బంతిని కాలితో నడపించుకొని పోరాదు, అందుకొన్నవాడు వెంటనే ఇతరునకు ఈయవలెను. మఱియొక పోటీలో వాడుక లేని కాలితోనే ఆడవలెను. కుడికాలి వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాడు కుడికాలితో. ఇంకొకటి పొట్టివారికి మాత్రమే. దీనిలోని యుక్తి యెంత సుళువైనదో చూడుడు. మంచి పంతులు లెక్కలో వెనుకబడిన పిల్లవానికి లెక్కలే యెక్కువ ఇచ్చును గదా! తిట్టి నేర్పుట కంటె నియమము మార్చి నేర్పుట మేలని ఆయన ఎఱిగియుండెను.

వ్యూహమునందు కూడ ఆయన ముందుచూపు కలవాడు. ఆ కాలమున నడిమి ఫార్వర్డు ఎదుటి గోలు ముంగిట నిలిచి బంతికై కాచుకొనియుండుట పద్ధతి. రహీం వానిని వెనుకకు లాగి, బంతి పంచువానిగా మార్చెను. ఎదుటి రక్షకుడు వానివెంట వచ్చినచో వెనుక ఖాళీ, రాకున్నచో వానికి స్వేచ్ఛ. యూరపులో హంగేరీవారు ఇట్టి యాటతో 1953లో ఇంగ్లండును దాని యింటనే ఓడించినప్పుడు లోకము ఆశ్చర్యపడెను. హైదరాబాదులో పోలీసు మైదానమున ఇది అంతకు మునుపే సాగుచుండెనని చెప్పుదురు. నేను వ్యూహములలో పండితుడను గాను గనుక ఇంతటితో విడిచెదను.

ఫలితము మాత్రము అంకెలలో చెప్పవచ్చును. 1950, 1951, 1952, 1953, 1954 వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పు హైదరాబాదు పోలీసులదే. డ్యూరాండు కప్పు 1950లో, 1954లో, 1957లో గెలిచిరి. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీసు అను క్రొత్త పేరుతో మరల గెలిచిరి. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము మూడు ముక్కలై తెలంగాణము ఆంధ్రతోను, మరాఠ్వాడా బొంబాయితోను, రాయచూరు, గుల్బర్గా, బీదరు జిల్లాలు మైసూరుతోను కలసినవి. ఈ సంచిక చదువు కుటుంబములలో ఎన్నియో ఆ గీతల వలన రాత్రికి రాత్రి ఇతర రాష్ట్రము వారైనవి. కాని సంతోషు ట్రోఫీలో 1956-57లోను 1957-58లోను గెలిచిన జట్టు పేరు హైదరాబాదే. పటమునుండి పోయిన రాష్ట్రము ఫుట్‌బాలులో ఇంకను కొన్నాళ్లు బ్రదికియుండెను.

తులసీదాసు బలరాము సంగతి చెప్పక ముందుకు పోరాదు. ఆయన 1936లో సికింద్రాబాదు వద్ద అమ్ముగూడలో బీద కుటుంబమున పుట్టెను. రహీం సాహెబు ఆ కుర్రవాని ఆట చూచి, ప్రాక్టీసునకు హైదరాబాదు రమ్మనెను. దినదినము పోయి వచ్చుటకు డబ్బు లేదని బలరాము చెప్పెను. సైకిలు చూచుకొని రమ్మని రహీం సలహా ఇచ్చెను. ఆ సైకిలుపై సికింద్రాబాదునుండి వచ్చి పోవుచుండిన కుర్రవాడు 1956లో మెల్‌బోర్నునకు, 1960లో రోమునకు, 1962లో జకార్తాకు దేశము పక్షమున వెళ్లెను. ఆయన 2023 ఫిబ్రవరిలో కాలధర్మము చెందినప్పుడు పత్రికలలో వార్తను వెదకి చదివితిని. జంట నగరములలో ఆయన పేర ఏమున్నదని చుట్టములనడిగితిని. వారు నన్నే ఆయన ఎవరని తిరిగి యడిగిరి.

దేశపు జట్టునకు రహీం శిక్షకుడైన కథ అందఱు ఎఱిగినదే గనుక కొంత సంగ్రహింతును. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఇరానును ఒక గోలుతో ఓడించి మనవారు స్వర్ణపతకము గెలిచిరి. మరుసటి యేడు హెల్సింకీలో యుగోస్లావియా చేత పదింటికి ఒకటిగా ఓడిరి. ఆ చలిలో మనవారు పెక్కురు వట్టికాళ్లతో ఆడిరి. బూట్లు కొనలేక కాదు. వట్టికాలితో బంతి బాగుగా తెలియునని వారి నమ్మకము. ఆ యోటమి తరువాతనే బూట్లు తప్పనిసరి యయ్యెను. 1956లో మెల్‌బోర్నులో ఆస్ట్రేలియాను నాలుగింటికి రెండుగా ఓడించిరి. నెవిలు డిసౌజా మూడు గోళ్లు కొట్టెను. సెమీఫైనలులో యుగోస్లావియాపై మొదటి గోలు మనదే యైనను చివరకు ఓడి, నాలుగవ స్థానమున నిలిచిరి. ఒలింపిక్సులో మనకు దానికి మించిన స్థానము నేటికిని రాలేదు. 1960లో రోమున ఫ్రాన్సుతో ఆట సమమయ్యెను. ఆ జట్టులో రహీం సాహెబు కుమారుడు హకీము కూడ నుండెను.

ఇక 1962, జకార్తా. అప్పటికే రహీం సాహెబు ఊపిరితిత్తులకు క్యాన్సరు సోకియుండెను. ఆయన సిగరెట్టు చేత లేక కనబడని మనిషి యని మా మేనమామ చెప్పెడివాడు. జట్టు ప్రయాణమున సుఖమేమియు లేదు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో రెండు గోళ్లతో ఓడిరి. థాయిలాండుపై గెలుపు వచ్చినది గాని రక్షకుడు జర్నైలు సింగునకు తల పగిలి కుట్లు పడినవి. జపానుపై గెలిచిరి. గోలుకీపరు తంగరాజు జ్వరముతో మంచమెక్కెను.

దీనికి తోడు రాజకీయము. ఇజ్రాయేలు, తైవాను క్రీడాకారులను ఇండొనీసియా రానీయలేదు. అట్లైన ఇవి ఆసియా క్రీడలు ఎట్లగునని మన దేశపు క్రీడాప్రముఖుడు గురుదత్త సోంధి అభ్యంతరము చెప్పెను. దానితో జకార్తా జనము మండిపడి భారత రాయబార కార్యాలయముపై దాడి చేసిరి. భారతదేశము పేరు వినిన అరపులు, కేకలు. బస్సులో సిక్కు ఆటగాళ్లు తలపాగాలు కనబడకుండ క్రింద కూర్చుండి పోయిరని చెప్పుదురు. మైదానమున ఆడవలసినవాడు బస్సులో దాగి పోవలసివచ్చిన దుర్దశను ఆలోచింపుడు.

ఇట్టి స్థితిలో శిక్షకుడు ఏమి చేయును? రహీం సాహెబు కుట్లు పడిన జర్నైలు సింగును రక్షణ పంక్తినుండి తీసి, గోలు కొట్టుటకు ముందునకు పంపెను. జర్నైలు విద్యార్థి దశలో ఆ స్థానమున ఆడినవాడని ఆయన మఱవలేదు. సెమీఫైనలులో దక్షిణ వియత్నామును మూడింటికి రెండుగా గెలిచిరి. జర్నైలు గోలు కొట్టెను. ఫైనలునకు ముందు రాత్రి ఆయన ఆటగాళ్లను పిలిచి, తనకు మఱేమియు వలదనియు, రేపు స్వర్ణపతకము బహుమానముగా ఈయవలెననియు కోరెనట. ఆ యాటగాళ్లు ముసలివారై కూడ ఈ సంగతి చెప్పునప్పుడు ఆగి ఆగి చెప్పెడివారు.

1962 సెప్టెంబరు 4వ తేదీ. సెనయాను మైదానమున సుమారు లక్ష జనము. మన జాతీయ గీతము వినబడనంత గోల. మొదట తమను రెండు గోళ్లతో ఓడించిన కొరియావారే ఎదుట. జ్వరము తగ్గీ తగ్గని తంగరాజు గోలులో నిలిచెను. పదునేడవ నిమిషమున పి. కె. బెనర్జీ ఒక గోలు, కొన్ని నిమిషములలోనే జర్నైలు సింగు రెండవ గోలు. కొరియావారికి ఒక గోలు వచ్చినది గాని అప్పటికి ఆట ముగియవచ్చుచుండెను. చుని గోస్వామి నాయకుడు. బలరామును, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు ఆటగాడు యూసుఫ్ ఖానును ఆ పదునొకండుగురిలో నుండిరి. ఆనాటి తరువాత ఆసియా క్రీడలలో ఫుట్‌బాలు స్వర్ణము మనకు మరల దక్కలేదు.

మఱునాడు కామాఠిపురపు టీ దుకాణములో ఒకరు పత్రిక చదువుచుండగా మా నాయనగారు చుట్టు గుమిగూడినవారిలో నిలబడి వినిరట. చదువువాడు ఆటగాళ్ల పేర్లు చదివి ఆపివేసెను. "శిక్షకుని పేరు చదువవయ్యా" యని నాయనగారు అడిగిరి. అది రెండవ పుటలో నున్నదేమో యని అతడు పత్రిక త్రిప్పెను.

తొమ్మిది నెలలకు, 1963 జూను 11వ తేదీన, రహీం సాహెబు కన్ను మూసెను. ఏబది నాలుగేండ్లు నిండలేదు. ఆ యేటి రోవర్సు కప్పు కూడ ఆంధ్రప్రదేశ్ పోలీసులే గెలిచిరి. అది వారికి తొమ్మిదవది. ఆ జట్టునకు అదే కడపటి రోవర్సు. సంతోషు ట్రోఫీ 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచినది. పిదప మంచి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులు పిలిచినచోటికి పోయిరి. పోయినవారి స్థానమున క్రొత్తవారిని బడులనుండి ఏరి తెచ్చు పంతులు లేకపోయెను. రోవర్సు కప్పు పోటీయే 2000-01 తరువాత ఆగిపోయినది.

మా మనుమని ప్రశ్నకు తిరిగి వచ్చుచున్నాను. రహీం సాహెబు ఇంట మాటాడినది ఉర్దూ. ఫ్రూవాలు, సూసై వంటివారి ఇండ్లలో ఏ భాషయో నేను చెప్పజాలను. కాని నల్లగొండనుండి వచ్చిన నేతపనివాడు, తన భాష రాని ఊరిలో, తన దేశము పేరు చెప్పుకొనుటకు సంకోచించుచున్న కాలమున, కూపరేజి తీగల వెలుపల నిలబడి "మనోళ్లు" అని కేక వేసెను. ఆ మాట తెలుగు మాట. దానిలో ఎవరెవరు చేరుదురో నిర్ణయించుకొన్నది ఆయన. నేను ఆయన కుమారుడను. ఒకరినైనను దానినుండి తీసివేయుటకు నాకు అధికారము లేదు.

మా బాల్యమున చాలు వరండాలో నాయనగారు మా చేత ఫుట్‌బాలు ఆడించెడివారు. బంతి అనగా మిల్లు చిండీలు చుట్టి కట్టిన ఉండ. ఆదివారము ఎడమకాలితోనే ఆడవలెను. కుడికాలు తగిలినచో ఆట ఎదుటివారిది. బావమఱిది చెప్పిన నియమమని అనెడివారు గాని, అది ఎవరిదో మాకు పెద్దయిన తరువాత గాని తెలియలేదు. పని మానుకొన్న పిదప ఆయనను వైద్యునియొద్దకు బస్సులో కొలాబా వైపు తీసికొని పోయెడివాడను. కూపరేజి దగ్గఱకు రాగానే ఆయన సీటులోనుండి లేచి, కడ్డీ పట్టుకొని, కిటికీలోనుండి మైదానము వైపు చూచెడివారు. ఆట లేని దినమున కూడ చూచెడివారు.